తొలి పుస్తకం అచ్చు వేయించుకునేవాళ్లకి బెజవాడ ‘ప్యాకేజీ’ ఎంతవరకు పనికొస్తుంది?

రాయడమంటే తమకి ఇంత ఇష్టమని చాలామందికి యాభై దాటాకే తెలుస్తుంది. పిల్లలు స్థిరపడి, ఉద్యోగం చివరికొచ్చి, ఊరి చెరువు గురించో అమ్మమ్మ వంటింటి గురించో ఫోన్లో నాలుగు పేరాలు రాసి పెడితే, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఇంకా రాయమంటారు. ఇక ఆగదు. రెండేళ్లు తిరిగేసరికి పుస్తకానికి సరిపడా మేటర్ పోగవుతుంది. గుంటూరు, తెనాలి, బందరు, ఏలూరు, ఎక్కడివాళ్లయినా ఆ మేటర్ పట్టుకుని వచ్చేది విజయవాడకే. తెలుగు పుస్తకాల వ్యాపారం దశాబ్దాలుగా వేళ్లూనుకున్న ఊరు కాబట్టి రావడం సబబే.

ఇలా వచ్చేవాళ్ల కోసమే ఇప్పుడు ‘ప్యాకేజీ’ అని ఒక సేవ పుట్టింది. మేటర్ మీరిస్తే చాలు. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం), ప్రూఫులు (తప్పులు దిద్దడానికి తీసే నమూనా ప్రతులు), ముఖచిత్రం, అచ్చు, బైండింగ్, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు), అమ్మకం, కావాలంటే ఆవిష్కరణ సభ కూడా, అన్నీ కలిపి ఒకటే రేటు. ఈ సమీక్ష ఫలానా సంస్థ గురించి కాదు. ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట, సూర్యారావుపేట చుట్టుపక్కల దొరికే ఈ తరహా సేవలో ఏ ముక్క గట్టిది, ఏది డొల్ల అన్నదే ఇక్కడి సంగతి.

తీర్పు ముందే చెప్పేస్తాం. డీటీపీ పనితనం, ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ అచ్చు బాగుంటాయి, వాటికి డబ్బు పెట్టొచ్చు. ప్రూఫులు, బైండింగ్ విషయంలో నమ్మి వదిలేస్తే దెబ్బ తింటారు. అమ్మకం, ప్రచారం పేరుతో అడిగే డబ్బు అసలు కట్టక్కర్లేదు. ఇంకో మాట: డీటీపీ, ప్రూఫ్ రీడర్, ప్రెస్సు, బైండర్, ఈ నాలుగూ ఈ ఊళ్లో ఒకరికొకరు దగ్గర్లోనే దొరుకుతారు. ప్యాకేజీవాళ్లు చేసేది కూడా వీళ్ల చుట్టూ తిరగడమే. ఓపిక ఉంటే ఆ తిరుగుడు మీరే తిరగండి. డబ్బు మిగలడం ఒక లాభం, పని కళ్లెదుట జరగడం అంతకంటే పెద్ద లాభం.

డీటీపీ దగ్గర

చాలా సెంటర్లలో పేజీలు కట్టడానికి ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ పట్టుకుంది. అయినా ఇక్కడి ఆపరేటర్ల చేతివేగమంతా పేజ్‌మేకర్‌లోనే ఉంది. దాన్ని తప్పు పట్టక్కర్లేదు. అను ఫాంట్లతో కట్టిన పేజీ కంటికి ఇంపుగానే ఉంటుంది, వత్తులు కుదురుగా కూర్చుంటాయి. చిక్కు వచ్చేది మీ మేటర్ యూనికోడ్‌లో ఉండటం వల్ల. ఫోన్లో మనం కొట్టే తెలుగంతా యూనికోడే, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతి. పేజ్‌మేకర్‌కి అది ఎక్కదు. అందుకని ఆపరేటర్ మీ ఫైలుని కన్వర్టర్లో వేసి అనులోకి మారుస్తాడు. పుస్తకంలో కనిపించే సగం తప్పులు ఆ రెండు నిమిషాల్లో పుట్టేవే.

ఎలాంటి తప్పులో తెలిస్తే వెతుక్కోవడం తేలిక. మీరు ‘ఫేస్‌బుక్’ అని కొడతారు. స్‌ తర్వాత బు విడిగా నిలబడటానికి వాటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కన్వర్టర్ దాన్ని మింగేస్తే ‘ఫేస్బుక్’ అని బ వత్తు స కిందకి దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్, బస్‌స్టాండ్, హైస్కూల్‌లో లాంటి మాటలన్నీ ఈ బాపతే. ఇక మేటర్ మధ్యలో ఇంగ్లిషు లిపిలో వదిలేసిన మాటలు. అను ఫాంటు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తన తెలుగు ముక్కల్ని పెట్టుకుంటుంది. కాబట్టి ఆ మాటకి ఫాంటు మార్చకపోతే అది అర్థంపర్థం లేని కొమ్ములూ వత్తులుగా అచ్చవుతుంది. కొటేషన్ గుర్తులు, పొడుగు డ్యాషులు ఒక్కోసారి వేరే అక్షరాలుగా మారతాయి. బండి ర, అరసున్న వాడే అలవాటున్నవాళ్లు వాటిని ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఫైలు ఇచ్చేముందు చేయాల్సిన పని పెద్దగా లేదు. ఇంగ్లిషు మాటలన్నీ తెలుగు లిపిలోకి మార్చండి. తప్పదనుకున్నచోట పసుపురంగు పూయండి. పేరా అయ్యాక ఎంటర్ ఒక్కసారే కొట్టండి. అధ్యాయాలన్నీ వేర్వేరు వాట్సాప్ మెసేజ్‌లుగా పంపకండి, ఒకే ఫైలు చేయండి. దానితోపాటు కాగితం మీద ఒక ప్రింటవుట్ ఇవ్వండి. కన్వర్టర్ ఏం చెడగొట్టిందో పోల్చి చూడటానికి ఆపరేటర్‌కి అదే ఆధారం.

అసలు గొడవ ఇంకోటి ఉంది, దాన్ని ప్యాకేజీవాళ్లు ఎవరూ ముందు చెప్పరు. ప్రూఫుల్లో మీరు దిద్దిన దిద్దుబాట్లన్నీ పడేది పేజ్‌మేకర్ ఫైల్లోనే. మీ దగ్గరున్న యూనికోడ్ ఫైలు పాత తప్పులతో అలాగే ఉండిపోతుంది. రేపు రెండో ముద్రణకి వేరే ప్రెస్సుకి వెళ్లాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా, ఒక కథని పత్రికకి పంపాలన్నా సరైన పాఠం మీ చేతిలో ఉండదు. అను పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి తప్ప తెలుగు రాదు. అందుకని బేరం దగ్గరే మూడు అడగండి: ఫాంట్లు లోపలే ఇమిడ్చిన (ఎంబెడ్ చేసిన) ప్రింట్ పీడీఎఫ్, తర్వాత దిద్దుకోగలిగే ఓపెన్ ఫైలు, దిద్దిన పాఠం తిరిగి యూనికోడ్‌లో. మూడోది ఇవ్వలేమంటే ప్రతి దిద్దుబాటునీ మీ ఫైల్లో కూడా ఆ పూటే వేసుకోండి. విసుగు పనే, కానీ తర్వాత పుస్తకం మొత్తం మళ్లీ టైపు చేయించడం కంటే నయం.

ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో కట్టేవాళ్లు దొరికితే ఈ బెడద సగానికి సగం పోతుంది. వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే అది తెలుగు వత్తుల్ని సరిగ్గానే కూరుస్తుంది. చేయకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి. ఫాంట్లకీ కొదవ లేదు. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, ఎన్టీఆర్, సురవరం, రామభద్ర లాంటివి ఉచితం, పుస్తకంలో వాడుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. లోపలి పాఠానికి మండలి బాగుంటుంది. రామభద్ర శీర్షికలకే, దానితో పేజీ అంతా నింపితే నల్లగా ముద్దకడుతుంది.

సైజు సంగతి. డెమ్మీ 1/8, అంటే కత్తిరింపు అయ్యాక 5.5 అంగుళాల వెడల్పు, 8.5 ఎత్తు, తెలుగు కథల పుస్తకానికి ఇదే సుఖం. మార్జిన్లు పోగా అక్షరాలకి దక్కేది దాదాపు 4 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. లైన్‌కీ లైన్‌కీ 17 పాయింట్లు (అంగుళానికి 72 పాయింట్లు) ఇస్తే పేజీకి 29 లైన్లు పడతాయి. పేజీలు తగ్గించి చూపించడానికి కొందరు దీన్ని 15కి, 14కి నొక్కేస్తారు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో ష కింద ట, దాని కింద ర వత్తు ఉంటాయి కదా, అవి కింది లైన్లో ఉన్న ‘కీ’ గుడిదీర్ఘాన్ని పొడుస్తున్నాయంటే లైన్లు నొక్కినట్టే. అచ్చులో ఆ రెండూ కలిసి మరకలా కనిపిస్తాయి. కంప్యూటర్ తెరమీద పెద్దది చేసి చూపిస్తే ఇది తెలియదు. ఒక పేజీ అసలు సైజులో ప్రింటు తీయించి, చేతిలో పట్టుకుని, మీ వయసువాళ్ల చేత చదివించండి.

హైఫనేషన్ (లైను చివర మాటని విరవడం) ఆఫ్ చేయమని కూడా చెప్పాలి. అను పాఠం పేజ్‌మేకర్ కంటికి ఇంగ్లిషులాగే కనిపిస్తుంది. ఎక్కడ పడితే అక్కడ విరిస్తే అక్షరం పైలైన్లో, దాని వత్తు కిందిలైన్లో పడతాయి.

ప్రూఫులు

ప్యాకేజీలో ‘ప్రూఫ్ రీడింగ్ ఉచితం’ అని ఉంటే, ఆపరేటరే ఒకసారి కళ్లు తిప్పుతాడని అర్థం చేసుకోండి. రోజంతా కొట్టిన అక్షరాల్లో తన తప్పు తనకి కనపడదు. ఆ మాటకొస్తే రాసినవాళ్లకీ కనపడదు. అక్కడేముందో కాకుండా తాము ఏం రాయాలనుకున్నారో అదే చదువుకుంటూ పోతారు. ప్రూఫ్ రీడర్‌ని విడిగా పెట్టుకోండి. పేజీకింత అనో ఫారానికి (16 పేజీలకి) ఇంత అనో తీసుకుంటారు. మొత్తం ఖర్చులో అది చిన్న వాటాయే, పుస్తకం పరువు మాత్రం దానిమీదే ఉంటుంది.

మూడు ప్రూఫులు చూడాలి. మొదటిది మూలంతో పోల్చి: ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూసుకోవాలి, లేకపోతే ఎగిరిపోయిన లైను పట్టుబడదు. రెండోది, మొదటిదాంట్లో దిద్దినవి పడ్డాయా లేదా అని. ఇక్కడ దిద్దిన మాట ఒక్కటే చూస్తే చాలదు, ఆ పేరా మొత్తం చూడాలి. ఒక మాట పెరిగితే లైన్లు జరుగుతాయి, జరిగిన లైన్లలో కొత్త తప్పు దూరుతుంది. మూడోది పేజీలుగా కట్టాక: పేజీ నంబర్లు విషయసూచికతో సరిపోయాయా, పేజీ పైన పేరా చివరి ముక్క ఒంటరిగా మిగిలిందా, కథ పేరు పేజీ అడుగున పడి కథ తర్వాతి పేజీలో మొదలైందా. ‘అర్థం’, ‘అర్ధం’ రెండూ సరైన మాటలే కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. ‘వ్రాసి’ అని ఒకచోట, ‘రాసి’ అని ఇంకోచోట ఉంటే ఏదో ఒకటి నిర్ణయించుకుని పుస్తకమంతా అదే ఉంచండి. దిద్దుబాట్లు ఎర్ర పెన్నుతో, లైన్ మధ్యలో కాకుండా పక్క మార్జిన్లో రాయండి. ఫోన్లో చెప్పిన దిద్దుబాటు గాలికి పోయినట్టే.

ఈ మొత్తం సేవలో రాసేవాళ్లకి నిజంగా మేలు చేసేది ఈ మొదటి ప్రూఫే. ఫోన్లో తోచినట్టు పోస్టుగా రాసుకున్న వాక్యం, అచ్చక్షరాల్లో 29 లైన్ల పేజీలో కూర్చున్నప్పుడు వేరేగా ఉంటుంది. ప్రతి కథా ‘ఆ రోజుల్లో’ అనే మొదలవడం, పేజీకి ఐదు ఆశ్చర్యార్థకాలు ఉండటం, ఒకే అత్తగారు మూడు కథల్లో మూడు పేర్లతో తిరగడం, అన్నీ అక్కడే బయటపడతాయి. కొందరు అచ్చుతప్పులు మాత్రమే దిద్ది ఇచ్చేస్తారు. కొందరు పేరాలకి పేరాలు కొట్టేస్తారు, ఆపరేటర్ విసుక్కుంటాడు. ఆ రెండోరకంవాళ్లకే రాత వదలదు. ప్యాకేజీలో ఎన్ని దిద్దుబాట్లకి ఒప్పుకుంటారో, దాటితే పేజీకి ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోవడం మంచిదనేది అందుకే.

కాగితం, అచ్చు

ఇక్కడ లెక్క తెలిస్తే ఎవరూ మోసం చేయలేరు. డెమ్మీ 1/8లో 16 పేజీలు ఒక ఫారం. 160 పేజీల పుస్తకం అంటే సరిగ్గా 10 ఫారాలు. 164 పేజీలు వచ్చిందనుకోండి, ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం నడపాలి, కాగితం వృథా అవుతుంది. అందుకని చివర్లో పేజీల సంఖ్య 16తోనో, కనీసం 8తోనో భాగించేలా సర్దుకోవాలి. ముందుమాటలు తగ్గిస్తే ఎప్పుడూ సర్దుబాటవుతుంది. మూడు ముందుమాటలు, ఒక ఆశీస్సు, ఒక అభినందన, ‘నా మాట’, కృతజ్ఞతలు కలిపి ఫారంన్నర తినేసే పుస్తకాలు మన దగ్గర తక్కువేం కాదు.

డబుల్ డెమ్మీ షీటు 23×36 అంగుళాలు. ఒక్క షీటులో 32 పేజీలు వస్తాయి. అంటే 160 పేజీల పుస్తకం ఒక్కోదానికి 5 షీట్లు. 500 కాపీలకి 2,500 షీట్లు. రీముకి 500 షీట్లు కాబట్టి 5 రీములు. మెషీన్ సర్దుకునేటప్పుడు పోయేది, బైండింగ్‌లో పోయేది కలిపి ఇంకో అర రీము వేసుకోండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది. ఈ సైజులో మ్యాప్‌లిథో (పుస్తకాలకి వాడే తెల్ల కాగితం) 70 జీఎస్ఎం రీము బరువు 18.6 కిలోలు, 60 జీఎస్ఎం అయితే 16 కిలోలు, 80 జీఎస్ఎం అయితే 21.3. కాగితం కొట్లో ‘పద్దెనిమిదిన్నర కిలోలది’ అన్నా అర్థమవుతుంది. ఆరోజు కిలో రేటు కనుక్కుంటే మీ పుస్తకానికి కాగితం ఖర్చు ఎంతో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కొటేషన్లో కాగితం ఒక్కటే విడిగా చూపించమనండి.

70 అని చెప్పి 60 వేయడం ఈ రంగంలో తెలిసిన చిట్కా. పేజీ ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే వెనకవైపు అక్షరాలు చదవగలిగేంతగా కనిపిస్తే అనుమానించండి. ఇంకా గట్టి పరీక్ష తూకం. 160 పేజీల డెమ్మీ పుస్తకంలో లోపలి కాగితం 70 జీఎస్ఎం అయితే దాదాపు 169 గ్రాములు, 300 జీఎస్ఎం అట్ట ఇంకో 18, 19 గ్రాములు, గమ్ము పైన. మొత్తం 190 దరిదాపుల్లో ఉండాలి. 165 తూగితే అది 60 జీఎస్ఎం కాగితమే. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు.

కాపీలు ఎన్ని వేయాలన్నది అన్నిటికంటే పెద్ద ఖర్చు నిర్ణయం. ఆఫ్‌సెట్‌లో డెమ్మీ షీటు మెషీన్ మీద ఫారానికి రెండు ప్లేట్లు, అంటే 160 పేజీలకి 20 ప్లేట్లు. వంద కాపీలు వేసినా, వెయ్యి వేసినా ఆ ప్లేట్ల ఖర్చు, మెషీన్ సర్దే కూలీ మారవు. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. ‘ఇంకో ఐదొందలు వేసుకోండి సార్, కాగితం ఖర్చే కదా’ అని మొహమాటపెట్టేది ఈ లెక్కతోనే. లెక్క నిజమే. మిగిలిన ఐదొందలు మంచం కిందే ఉంటాయన్నదీ నిజమే. తొలి పుస్తకానికి డిజిటల్‌లో వంద కాపీలు వేయించుకుని, అవి కదిలితే అప్పుడు ఆఫ్‌సెట్‌కి వెళ్లడం మేలు. డిజిటల్‌కి ప్లేట్లు ఉండవు, కాపీ ధర మాత్రం ఎక్కువ. రెండు మూడు వందల కాపీల దగ్గర రెండింటి ఖర్చూ దగ్గరపడుతుంది కాబట్టి ఆ అంకెకి రెండు కొటేషన్లూ తీసుకోవాలి.

అచ్చు నాణ్యత గురించి పెద్దగా చెప్పేదేం లేదు, సీటీపీ ప్లేట్లు (కంప్యూటర్ నుంచి నేరుగా తీసేవి) వచ్చాక బాగానే ఉంటోంది. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ప్లేటు చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, సన్నగీతలు విరుగుతాయి. పాఠమంతా ఒక్క నలుపులోనే ఉందా అని పీడీఎఫ్‌లో చూడమనండి. నాలుగు రంగులు కలిపిన నలుపయితే అక్షరాల అంచున రంగు నీడ పడుతుంది.

అట్ట, బైండింగ్

బెజవాడ ప్యాకేజీల్లో బలహీనమైన చోటు ఇదే. తక్కువ పేజీల పుస్తకానికి కూడా 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు వేస్తారు, గట్టిగా ఉందని మురిసిపోతాం. వంద పేజీల పుస్తకానికి అంత మందం అట్ట వంగదు. తెరిచిన ప్రతిసారీ వెన్ను దగ్గర మొదటి, చివరి పేజీల్ని లాగుతుంది. దానికి 250 చాలు. 160 పేజీల 70 జీఎస్ఎం పుస్తకానికి వెన్ను సుమారు 8 మి.మీ. వస్తుంది. ముందు అట్ట, వెన్ను, వెనకట్ట, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు) కలిపితే డిజైన్ 293 మి.మీ. వెడల్పు, 222 ఎత్తు ఉండాలి. ఇలాంటివి 13×19 షీటు మీద రెండు పడతాయి. డిజైనర్‌కి పేజీల సంఖ్య, కాగితం మందం చెప్పకుండా అట్ట చేయిస్తే వెన్ను మీద పేరు ముందు అట్టలోకి జారుతుంది. అలాంటి పుస్తకాలు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలో కావాల్సినన్ని చూడొచ్చు. ముఖచిత్రానికి నెట్లో దొరికిన బొమ్మ వాడితే అది ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లేకపోతే అచ్చులో గళ్లు గళ్లుగా వస్తుంది.

లామినేషన్ ఒకవైపే ఉంటుంది కాబట్టి వానాకాలంలో అట్ట పైకి లేస్తుంది. లోపలివైపు తేమ పీల్చి సాగుతుంది, ప్లాస్టిక్ ఉన్న పైవైపు సాగదు, దాంతో అట్ట బయటికి చుట్టుకుంటుంది. కాగితం పోగు (గ్రెయిన్) వెన్నుకి సమాంతరంగా ఉండేలా కోయిస్తే ఇది బాగా తగ్గుతుంది. బైండర్‌ని ‘గ్రెయిన్ ఎటు?’ అని ఒక్కమాట అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ బైండర్‌కి పని తెలిసినట్టు.

పేజీలు ఊడిపోవడం వేరే జబ్బు. పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఫారాల వెన్ను కోసి, గరుకు చేసి, కాగే గమ్ము పూసి అట్ట అంటిస్తారు. గరుకు సరిగ్గా చేయకపోతే గమ్ము పేజీ అంచుల్లోకి దిగదు. గమ్ము వేడి చాలకపోతే పైపైనే గడ్డకడుతుంది. మే నెలలో కారు డిక్కీలో పెట్టిన పుస్తకాల గమ్ము మెత్తబడి పేజీలు జరుగుతాయి. తీసుకునేటప్పుడు కట్టల్లోంచి మీరే ఐదారు ఎంచుకుని, మధ్యకి తెరిచి బల్లమీద పరచండి. వెన్ను టప్‌మని విరిగినా, ఒక పేజీ పట్టి కొంచెం గట్టిగా లాగితే కదిలినా ఆ లాట్ వెనక్కి పంపాల్సిందే. బయటపడే ఇంకో తప్పు ఫారం తలకిందులుగా కుట్టడం, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడటం: 48 తర్వాత మళ్లీ 33 వస్తుంది. మిగతా డబ్బు కట్టేముందే ఈ పని చేయాలి. ఎక్కువకాలం ఉండాలనుకునే పుస్తకానికి దారం కుట్టు బైండింగ్ చేయించుకోండి. ఖర్చూ సమయమూ పెరుగుతాయి, పుస్తకం మాత్రం పూర్తిగా పరుచుకుంటుంది, పేజీ ఊడదు.

ఐఎస్‌బీఎన్, అమ్మకం, పోస్టు

ఐఎస్‌బీఎన్‌కి డబ్బు తీసుకోవడం ఈ ప్యాకేజీల్లో ఎబ్బెట్టుగా ఉండే విషయం. మన దేశంలో అది ఇచ్చేది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ, ఉచితంగా ఇస్తుంది. రచయితే ప్రచురణకర్తగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాగితాలు నింపిపెట్టినందుకు చిన్న కూలీ అడిగితే సరే, నంబరుకే రేటు అంటే కుదరదని చెప్పండి. అదీకాక ప్యాకేజీవాళ్ల కోటాలోంచి నంబరు ఇస్తే రికార్డుల్లో ప్రచురణకర్త వాళ్లే అవుతారు. కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు; 1957 చట్టం ప్రకారం రాసినప్పుడే హక్కు మీది, మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఒప్పందంలో ‘సర్వహక్కులు ప్రచురణ సంస్థవి’ అనే లైను ఉంటే కొట్టేయించి సంతకం పెట్టండి. డబ్బు మీరు పెట్టి హక్కులు వాళ్లకిచ్చే బేరం ఎక్కడా లేదు. 1954 చట్టం కింద కోల్‌కతా, చెన్నై, ముంబయి, దిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకి తలో కాపీ పంపాల్సింది ప్రచురణకర్తే. అది మీరే అయితే ఆ నాలుగు కాపీలూ లెక్కలో వేసుకోండి.

‘అన్ని పుస్తకాల షాపుల్లో పెడతాం’ అన్న హామీ విలువ తక్కువ. షాపులవాళ్లు కొత్త రచయిత పుస్తకాన్ని అమ్మితేనే డబ్బు అనే పద్ధతిమీద తీసుకుంటారు, ముఖవిలువలో మూడోవంతు నుంచి సగందాకా కమిషన్ పోతుంది. ఐదేసి కాపీలు సంచిలో వేసుకుని ఏలూరు రోడ్డులో మీరే ఇచ్చి రసీదు తీసుకున్నా ఇదే ఫలితం. జనవరి పుస్తక మహోత్సవంలో ఏదైనా స్టాల్లో పెట్టించుకోగలిగితే అంతకంటే ఎక్కువ కదులుతాయి. అయితే దానికోసం డిసెంబరులో మేటర్ ఇవ్వకండి. క్యాలెండర్లు, డైరీలు, మహోత్సవానికి వచ్చే కొత్త పుస్తకాలు అన్నీ అప్పుడే మెషీన్ ఎక్కుతాయి, మీ మూడో ప్రూఫు ఎవరూ పట్టించుకోరు. మే, జూన్‌లలో కాలేజీల స్టడీ మెటీరియల్ అలాగే అడ్డం పడుతుంది. ఆగస్టులో మొదలుపెడితే నింపాదిగా అవుతుంది.

తొలి పుస్తకం ఎక్కువగా అమ్ముడయ్యేది రాతలు చదివి ఇష్టపడ్డవాళ్లకే, పోస్టులోనే. కొరియర్‌కి పుస్తకం ధరలో సగం పోతుందని వెనకాడేవాళ్లకి 2025 మే 1 నుంచి తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్నులు అదనం. సాంస్కృతిక, విద్యా, సామాజిక, మత విషయాల పుస్తకాలకే ఇది, ప్రకటనలు నింపినవాటికి కాదు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి కాబట్టి రెండో పేజీలో ఆ వివరాలు వదిలేయొద్దని డీటీపీలోనే చెప్పండి. పైన చెప్పిన 190 గ్రాముల పుస్తకానికి అట్టముక్క, కవరు కలిపినా 300 దాటదు. 240 పేజీలకి వెళ్తే మాత్రం పుస్తకమే 270 దాటుతుంది, అట్టముక్క పెట్టే సందు ఉండదు.